తలకోనలో ఒక రోజు: జలపాతం ఒక్కటే కాదు, అడవి కూడా చూసి రావడం ఎలా?

తిరుపతిలో ఉంటానని తెలిస్తే చాలు, బంధువులు, స్నేహితులు అడిగేవి రెండే. ఒకటి, దర్శనం టికెట్లు దొరుకుతాయా అని. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది, తలకోనలో నీళ్లున్నాయా, పిల్లకాయల్ని తీసుకుని పోవచ్చా అని. దీనికి మాత్రం ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. ఎవరైనా అడిగితే ఇదే పంపిస్తాను.

ఒక సంగతి గమనించాను. అందరూ నీళ్లున్నాయా అనే అడుగుతారు, అడవి ఎట్లుందని ఒక్కరూ అడగరు. "ఏముందన్నా అక్కడ, సన్నగా నాలుగు చుక్కలు పడుతున్నాయి, కోతులు, జనం, అంతే" అని తిరిగొచ్చేవాళ్లంతా జలపాతం కోసం పరుగున పోయి, దారిలో ఉన్న అడవిని ఫుట్‌పాత్‌లా దాటేసినవాళ్లే. నీళ్లు వానను బట్టి ఉంటాయి. అడవి ఏడాది పొడవునా ఉంటుంది. కాబట్టి జలపాతాన్ని చివరికి పెట్టుకుని, ప్రశాంతంగా ఒక పూట అడవిలో గడిపి రావడం ఎలాగో చెప్తాను.

తలకోన తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా చిత్తూరు జిల్లాలోదే. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపలికి వస్తుంది. ఆ ఉద్యానవనాన్ని 1989లో ఏర్పాటు చేశారు. 2010లో, తలకోన ఉన్న ఈ శేషాచలం కొండల్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే చెట్లూ జంతువులూ అన్నిటినీ కలిపి కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. తిరుపతి నుంచి దూరం యాభై, అరవై కిలోమీటర్ల మధ్య, మీ ఇల్లు ఊళ్లో ఏ మూల ఉందనే దాన్ని బట్టి. ఇంతకు మించి చరిత్ర ఇప్పుడు అక్కర్లేదు.

కావలసినవి

- పట్టు ఉండే బూట్లు. హవాయి చెప్పులు, కొత్త షూస్ రెండూ వద్దు.
- మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాలో.
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో తిండి. చింతపండు అన్నం, పెరుగన్నం చాలు. సంగటి, ఊరుబిండి కట్టుకుని పోయే ఓపిక ఉంటే ఇంకా మంచిది.
- జిప్పు ఉన్న బ్యాగు. భుజానికి వేలాడే గుడ్డసంచి అయితే కోతులకు పండగ.
- చిల్లర డబ్బులు. ఫోన్‌తో చెల్లించేద్దాం అనుకోవద్దు, దారిలో వచ్చే నెరబైలు ఊరు దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం.
- మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు. పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు.
- ఒక జత అదనపు బట్టలు, తువ్వాలు, చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి.
- రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ పూట మాత్రలు. అక్కడ మందుల షాపు కోసం వెతకడం దండగ.
- బైనాక్యులర్ ఉంటే తీసుకోండి. లేకపోతే కొనక్కర్లేదు.

వద్దనేవి కూడా చెప్పాలి. సెంటు వద్దు. బ్లూటూత్ స్పీకర్ వద్దే వద్దు. అగ్గిపెట్టె, సిగరెట్, మందు సీసా అసలే వద్దు. జాతీయ ఉద్యానవనంలో ఇవి తప్పు మాత్రమే కాదు, కేసు కూడా అవుతుంది. సెంటు ఎందుకు వద్దన్నానో జలపాతం దగ్గర చెప్తాను.

1. ముందు రోజును ఎంచుకోండి

సగం ప్రశాంతత ఇక్కడే తేలిపోతుంది. ఆదివారం, కార్తీక సోమవారాలు, శివరాత్రి, సంక్రాంతి సెలవులు, ఈ రోజులు వదిలేయండి. తలకోనలో సిద్ధేశ్వర స్వామి గుడి ఉంది కాబట్టి కార్తీక మాసంలో, శివరాత్రికి భక్తులు బాగా వస్తారు. దర్శనానికే పోతున్నామంటే అది వేరే సంగతి, సంతోషంగా పోండి. అడవి కోసమైతే మంగళవారం నుంచి గురువారం లోపు ఏదో ఒక రోజు సెలవు పెట్టండి.

నెలల లెక్క ఇది. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి నవంబరు నుంచి జనవరి వరకు నీళ్లు బాగుంటాయి, చలి కూడా హాయిగా ఉంటుంది. నన్నడిగితే జనవరి మొదటి వారాల్లోని మామూలు రోజులు అన్నిటికంటే మేలు. ఏప్రిల్, మే నెలల్లో జలపాతం సన్నబడుతుంది, ఆకు రాలిపోయి అడవి బోసిగా ఉంటుంది, ఎండ మాడ్చేస్తుంది. జూన్, జూలైల్లో నీళ్ల కోసం పోవద్దు. కానీ తొలకరి పడ్డాక అడవి చిగురు తొడిగే తీరు చూడాలంటే అదే సమయం.

హెచ్చరిక: బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వస్తే ఆ వారం ప్రయాణం మానేయండి. "ఇప్పుడే కదా నీళ్లు జోరుగా ఉంటాయి" అని కొందరు కావాలనే అప్పుడు పోతారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు చూసినవాళ్లకు కొండ మీద నుంచి నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో చెప్పక్కర్లేదు. పైన ఎక్కడో కురిసిన వాన కింద ఎండ కాస్తుండగానే వాగులోకి వచ్చేస్తుంది. అలాంటప్పుడు అటవీశాఖ వాళ్లు దారి మూసేస్తారు కూడా. అక్కడిదాకా పోయి గేటు దగ్గర బతిమాలుకోవడం ఎందుకు?

2. తెల్లవారే బయల్దేరండి

తిరుపతిలో ఆరు గంటలకల్లా బండి కదలాలి. తొమ్మిదికి ఇడ్లీలు తిని, పదికి బయల్దేరి, పన్నెండుకు చేరితే మీకు దొరికేది ఎండ, జనం, నిద్రపోతున్న అడవి. పక్షులు, జంతువులు ఎక్కువగా తిరిగేది తెల్లవారాక మొదటి రెండు, మూడు గంటల్లోనే.

దారి తేలిక. తిరుపతి, చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట. అక్కడ పీలేరు రోడ్డు వదిలి నెరబైలు వైపు తిరిగితే తలకోన. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు కల్లూరు, పీలేరు మీదుగా భాకరాపేటకు రావచ్చు.

భాకరాపేట ఘాట్ దగ్గర మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మలుపులు చూడ్డానికి చిన్నవిగానే కనిపిస్తాయి. 2022 మార్చిలో రాత్రిపూట నిశ్చితార్థానికి పోతున్నవాళ్ల బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. కాబట్టి రెండు మాటలు. పొద్దున పోయేటప్పుడు తొందర వద్దు. సాయంత్రం చీకటి పడక ముందే ఘాట్ దిగేలా లెక్క వేసుకోండి. చీకటి పడితే ఇంకో బాధ కూడా ఉంది. ఈ మధ్య కొన్నేళ్లుగా చంద్రగిరి, భాకరాపేట, ఎర్రావారిపాళెం వైపు ఏనుగులు పొలాల్లోకి దిగుతున్నాయి, రోడ్డు దాటుతున్నాయి. ఏనుగు కనిపిస్తే బండి దూరంగానే ఆపండి. హారన్ కొట్టొద్దు, లైట్లు ఆర్పీ వెలిగించీ ఆడొద్దు, వీడియో కోసం కిందికి దిగొద్దు. అది దాటిపోయేదాకా ఉండి తర్వాత కదలండి.

బస్సులో పోవాలంటే: తలకోనకు నేరుగా బస్సులు తక్కువ. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె వైపు పోయే బస్సెక్కి భాకరాపేటలో దిగి ఆటో మాట్లాడుకోవడం నమ్మకమైన పద్ధతి. ఆటో అతనితో పోవడానికీ రావడానికీ కలిపి ముందే మాట్లాడుకోండి. "సాయంత్రం ఏదో ఒకటి దొరుకుతుందిలే" అని వదిలేస్తే దొరకదు. ఒకసారి నేను నెరబైలు దాకా నడిచాను. చీకట్లో, పెరుగన్నం డబ్బా చేత్తో పట్టుకుని.

3. గేటు దగ్గర ఐదు నిమిషాలు ఖర్చు పెట్టండి

టికెట్ తీసుకుని లోపలికి దూరిపోతారు అందరూ. మీరు కాస్త ఆగి, అక్కడి సిబ్బందిని నాలుగు ప్రశ్నలు అడగండి. "అన్నా, ఈ వారంలో ఏనుగులు గానీ చిరుత గానీ ఇటు వచ్చాయా? జలపాతం దాకా దారి తెరిచే ఉందా? చెట్ల మీది తాళ్ల వంతెన ఎక్కనిస్తున్నారా? గేటు ఎన్నింటికి మూస్తారు?" ఇంతే. చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులోంచి ఒక గంట తీసేసి, అదే మీ తిరుగు ప్రయాణం టైము అనుకోండి.

గార్డును గైడుగా తీసుకునే వీలుంటే తీసుకోండి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. మనం పది నిమిషాలు వెతికినా కనపడనిది వాళ్లకు నడుస్తూ నడుస్తూనే కనిపిస్తుంది.

మ్యాప్‌లో చుట్టూ చాలా కోనలు, తీర్థాలు కనిపిస్తాయి. వీడియోల్లో కుర్రాళ్లు వాటికి పోయి వస్తుంటారు. అనుమతి లేకుండా అటు పోవద్దు. శేషాచలం అంటే ఎర్రచందనం అడవి. స్మగ్లర్ల కోసం సిబ్బంది తిరుగుతుంటారు. దారి తప్పి అడవి లోపల కనిపించిన మనిషి సరదాకు వచ్చాడో, గొడ్డలి దాచి వచ్చాడో దూరం నుంచి ఎవరికీ తెలియదు.

4. నడక: మాట తగ్గించండి, అడుగు తగ్గించండి

గుడి దగ్గర బండి వదిలేసి, స్వామికి దండం పెట్టుకుని నడక మొదలుపెట్టండి. జలపాతానికి దారి తెలుస్తూనే ఉంటుంది, అక్కడక్కడా మెట్లు ఉంటాయి. గబగబా పోతే అరగంటలో తేలిపోయే నడక. దాన్ని రెండు గంటలు చేయండి. తమాషాకు అనడం లేదు, అసలు కిటుకే అది.

నడిచే వరుస ఇలా ఉండాలి. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. పిల్లలు ముందుకు పరిగెత్తకూడదు, వెనకపడి ఆడుకోకూడదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఒక చిన్నపాప చిరుత దాడిలో చనిపోయింది. అదీ ఇదే శేషాచలం అడవి. పిల్లల్ని భయపెట్టక్కర్లేదు, చెయ్యి మాత్రం వదలొద్దు. పెద్దవాళ్లు కూడా పొదల చాటుకు ఒంటరిగా పోవద్దు.

రాళ్ల మీద చెయ్యి పెట్టే ముందు చూడండి, పడిపోయిన మాను దాటే ముందు అవతల ఏముందో చూసి కాలు వేయండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. కరిచిన కాలూ చెయ్యీ కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా మోసుకుని వచ్చి 108కు ఫోన్ చేయించండి. తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రికి చేర్చడమే మందు.

5. పది నిమిషాలు ఊరికే కూర్చోండి

ఇది నేను చెప్తే అందరూ నవ్వే మెట్టు. చేసి చూసినవాళ్లు మాత్రం మళ్లీ అడుగుతారు, ఎప్పుడు పోదామని.

దారి పక్కనే, వాగు చప్పుడు కొంచెం దూరంగా వినిపించే చోట ఒక బండ చూసుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి లోపల వేయండి. మాట్లాడొద్దు. మొదటి మూడు నిమిషాలు ఏమీ ఉండదు. మనం వచ్చామని అడవి నోరు మూసుకుని ఉంటుంది. నాలుగో నిమిషంలో ఎక్కడో ఒక పిట్ట. తర్వాత దానికి ఇంకోటి బదులు. ఏడో, ఎనిమిదో నిమిషానికి పైన కొమ్మ ఒకటి గాలి లేకుండానే ఊగుతుంది. అప్పుడు తల తిప్పొద్దు, కళ్లు మాత్రమే ఎత్తండి. అదృష్టం బాగుంటే బెట్టుడుత. మన ఇంటి ఉడుత కాదు. పిల్లి అంత ఉంటుంది, వీపు ముదురు గోధుమ ఎరుపు, తోక శరీరమంత పొడుగు. కొమ్మ నుంచి కొమ్మకు అది దూకితే ఆకులు రాలతాయి.

సరిగ్గా కూర్చున్నారో లేదో తెలుసుకోవడం తేలికే. మీరు వచ్చినప్పుడు ఆగిపోయిన పక్షుల అరుపులు పది నిమిషాల్లో మళ్లీ మొదలైతే సరిగ్గా చేసినట్టు. మొదలు కాలేదంటే గుంపులో ఎవరో గుసగుసలాడుతున్నారు, లేదా చిప్స్ ప్యాకెట్ విప్పుతున్నారు. మా బావ అయితే రెండూ చేశాడు.

ఉన్నట్టుండి కోతులు, కొండముచ్చులు ఒకే దిక్కుకు చూస్తూ గట్టిగా, తెగకుండా అరిస్తే మాత్రం కూర్చోవద్దు. అవి చిరుతను చూసినా అలాగే అరుస్తాయి. అందరూ దగ్గరగా చేరి, పరిగెత్తకుండా, మాట్లాడుకుంటూ వచ్చిన దారిన వెనక్కి నడవండి.

6. మూడు గుర్తుపట్టి రండి

చెట్ల పేర్లు, జంతువుల పేర్లు అన్నీ నేర్చుకోనక్కర్లేదు. మూడు చాలు.

ఎర్రచందనం. అందరూ ఎర్రటి మాను కోసం వెతుకుతారు, కనపడదు. ఎరుపు లోపలి చేవలోనే, పైన బెరడు నల్లగా ఉంటుంది. ఆ బెరడు చిన్న చిన్న గళ్లుగా పగిలి, మొసలి వీపులా కనిపిస్తుంది. ఆకులు ఎక్కువగా మూడు మూడు కలిసి ఉంటాయి. కింద ఎండిన కాయ దొరికితే చూడండి. గుండ్రంగా, పల్చగా, చుట్టూ అప్పడం అంచులా రెక్క, మధ్యలో గింజ ఉబ్బు. బెరడు, ఆకు, కాయ, మూడూ కలిస్తే అదే. ఒక్కటే చూసి తేల్చకండి, గళ్ల బెరడు ఉన్న చెట్లు వేరేవి కూడా ఉన్నాయి. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల్లోని ఈ దక్షిణపు కొండల్లోనే.

చూసి వదిలేయండి. "జ్ఞాపకంగా ఉంటుంది" అని చిన్న పేడు కూడా జేబులో వేసుకోవద్దు. చెక్‌పోస్టులో బండి ఆపి వెతికితే మీ జ్ఞాపకాలు వాళ్లు వినరు.

గిల్లతీగ. పేరుకు తీగే గానీ మాను లావు ఉంటుంది. చెట్టు మీద నుంచి చెట్టు మీదకు పాకుతూ ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోతుంది. కాయ దాదాపు మీటరు పొడుగు, చిక్కుడుకాయను రాక్షసుడి కోసం చేసినట్టుంటుంది. తలకోనలో దీన్ని చూడకుండా రావడం శుద్ధ దండగ. ఎక్కడుందో గార్డును అడిగితే చూపిస్తారు. పిల్లలు ఊయల ఊగుతామంటారు, ఊగనివ్వొద్దు.

బంగారు బల్లి. ఇది రాత్రి తిరిగేది. పగలు రాళ్ల సందుల్లో, చల్లటి బండల అడుగున దాక్కుంటుంది. తిరుమల కొండల పేరు చెప్పగానే జంతుశాస్త్రం వాళ్లు దీన్నే తలుచుకుంటారు. కనపడితే చూడండి. సందుల్లోకి పుల్లలు పెట్టి పొడవడం, ఫ్లాష్ కొట్టడం వద్దు. కనపడకపోతే బాధ పడొద్దు, నాకూ చాలాసార్లు కనపడలేదు. అలాగే రాత్రి తిరిగే ఇంకోటి దేవాంగ పిల్లి. పేరుకు పిల్లే గానీ, పెద్ద కళ్లుండే చిన్న కోతి లాంటిది. అదీ ఇక్కడ ఉంది. పగటిపూట కనిపించిందని ఎవరైనా మీకు చెప్తే నమ్మకండి.

7. తిండి విషయం

జలపాతం దగ్గర తినొద్దు, నడక దారిలో తినొద్దు. తినాలనుకుంటే బండి దగ్గరికి వచ్చి, లేదా కూర్చోడానికి ఏర్పాటు చేసిన చోట తినండి. ఎందుకో చెప్తాను.

మూడేళ్ల కిందట బావ వాళ్ల కుటుంబంతో పోయాను. అక్క తెల్లవారుజామున లేచి పెద్ద గిన్నెడు పులిహోర చేసింది. వాగు పక్కన బండ మీద దుప్పటి పరిచి, గిన్నె మూత తీసి, "ముందు ఒక ఫోటో" అంది. ఫోటోలో ఆరుగురం నవ్వుతూ ఉన్నాం. గిన్నె వెనక రెండు నల్లటి చేతులు కూడా ఉన్నాయి. రెండో ఫోటోలో గిన్నె లేదు. కోతి చెట్టు మీద కూర్చుని వేరుశనగ పప్పులు ఏరుకుని తింటూ, మిర్చి మాత్రం మా మీదకు విసిరింది. ఆ పూటంతా బిస్కెట్లతో గడిపాం.

నవ్వుకోవడానికి బాగుంది గానీ, కోతికి తిండి పెట్టడం చాలా చెడ్డ అలవాటు. ఈరోజు మీరు అరటిపండు చేతికిస్తే, రేపు అది ఇంకొకరి పిల్లాడి చేతిలోది లాక్కుంటుంది, గోళ్లతో గీరుతుంది. గీరినా, కొరికినా సబ్బు, నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోండి. చిన్న గీతే కదా అని వదలొద్దు.

కోతి బ్యాగు పట్టుకుంటే లాగొద్దు, కళ్లలోకి చూసి పళ్లు బయటపెట్టి నవ్వొద్దు. మన నవ్వు దానికి బెదిరింపు. వదిలేయండి. తిండి లేదని తెలిస్తే అదే పారేస్తుంది.

8. జలపాతం

ఇప్పుడు జలపాతం. పదకొండు దాటి ఉంటుంది, ఒళ్లు వేడెక్కి ఉంటుంది, నీళ్లు మంచులా తగులుతాయి. ఇక్కడ నీళ్లలో మూలికల సారం ఉందని, జబ్బులు పోతాయని చాలామంది నమ్ముతారు. జబ్బుల సంగతి వైద్యులకు వదిలేద్దాం. అలసట మాత్రం పోతుంది, దానికి నేను పూచీ.

స్నానం చేసేముందు వరసగా ఇవి చూడండి.

మొదట నీళ్ల రంగు. తేటగా ఉంటే సరే. ఎర్రగా, బురదగా మారుతోందంటే, ఆకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకొస్తున్నాయంటే పైన వాన పడింది. బట్టలు, చెప్పులు వదిలేసినా సరే, గట్టు మీదకు వచ్చేయండి.

తర్వాత లోతు. పుల్లతో చూసి, నిలబడి, అడుగు అడుగుగా దిగండి. పైనుంచి దూకడం, తలకిందులుగా డైవ్ చేయడం వద్దు. కింద బండల మధ్య సందులుంటాయి, వాటిలో తల ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. ఈత వచ్చిన వాళ్లే ఎక్కువ. ఈత రాని వాళ్లు భయపడి గట్టునే ఉంటారు కదా.

పాచి పట్టిన బండ మీద నిలబడి సెల్ఫీ వద్దు. నల్లగా మెరిసే బండ జారుతుంది, బూడిద రంగులో గరుకుగా ఉన్నది పట్టు ఇస్తుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మోకాళ్లు దక్కుతాయి.

చివరగా తల ఎత్తి రాతి గోడ చూడండి. నల్లటి అర్ధచంద్రాల్లా వేలాడుతుంటే అవి పెద్ద తేనెటీగల పట్లు. సెంటు వాసన, పొగ, అరుపులు, రాళ్లు వీటికి పడవు. అందుకే సెంటు వద్దన్నాను. రేగితే నీళ్లలో మునిగి దాక్కుందాం అనుకోవద్దు, పైన కాచుకుని ఉంటాయి. ముఖం తువ్వాలుతో కప్పుకుని ఆ చోటు వదిలి దూరంగా పొండి.

సబ్బు, షాంపూ, పాత బట్టలు నీళ్లలో వదలడం ఏవీ చేయొద్దు. ఆ వాగు నీళ్లే కింద జంతువులు తాగేది.

9. తిరుగు దారిలో

మధ్యాహ్నం రెండుకల్లా బయటపడితే చుట్టుపక్కల ఇంకోటి చూడొచ్చు. ఒకటే. రెండు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

నా ఓటు చంద్రగిరి కోటకు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్, రాణిమహల్ ఇంకా నిలబడే ఉన్నాయి. 1639లో మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చింది ఈ కోట నుంచే అంటారు. రాజమహల్‌లో మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. అందుకే మొదట్లో మంగళవారం నుంచి గురువారం లోపు అన్నాను. కాళ్లు లాగుతున్న పెద్దవాళ్లుంటే కోట వదిలి శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుడి దర్శనం చేసుకుని ఇంటికి పోవచ్చు.

సీజన్‌లో రోడ్డు పక్కన అడవి సీతాఫలాలు అమ్ముతారు. చిన్నవిగా, గింజలు ఎక్కువగా ఉంటాయి గానీ తీపి తోటకాయకు రాదు. గట్టి కాయలు కొనండి, మెత్తనివి ఇంటికి చేరేలోపు బ్యాగులోనే గుజ్జవుతాయి.

ఎక్కువ మంది చేసే తప్పులు

పదిహేను మంది గుంపుగా పోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. నలుగురైదుగురు దాటితే అడవిలో నిశ్శబ్దం కుదరదు. పెద్ద కుటుంబమైతే రెండు జట్లుగా, అరగంట తేడాతో నడవండి. ప్రతి జట్టులో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

రెండోది, ఒకే రోజులో తిరుమల, తలకోన, కాణిపాకం పెట్టుకోవడం. బయట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఇలా చేస్తారు. దర్శనం ఎప్పుడవుతుందో తెలియని రోజున అడవికి టైము ఇచ్చామని చెప్పలేం. తలకోనకు ఒక రోజు విడిగా ఇవ్వండి.

ఇంకోటి, జంతువు కనపడలేదని డబ్బు దండగ అయిందనుకోవడం. జంతువులు గ్యారంటీగా కావాలంటే తిరుపతిలోనే వేంకటేశ్వర జూ పార్కు ఉంది, హాయిగా అక్కడికే పోండి.

తలకోన కుదరకపోతే

దూరం అనుకునేవాళ్లకు మామండూరు ఉంది. తిరుపతి నుంచి కడప రోడ్డులో, కోడూరు వైపు పోతుంటే వస్తుంది. అదీ అదే శేషాచలం అడవే. అంత జలపాతం ఉండదు, కాబట్టి అంత జనమూ ఉండరు. పక్షుల కోసమే అయితే నేను మామండూరుకే ఓటేస్తాను. అక్కడికి పోయినా గేటు ప్రశ్నలు, పది నిమిషాల కూర్చోవడం మామూలే.

ఇంటికి బయల్దేరే ముందు సరిచూసుకోండి

గేటు బయట బండి పక్కకు ఆపి ఐదు నిమిషాలు ఇవ్వండి. లోపలికి తీసుకుపోయిన సీసాలు, డబ్బాలు, కవర్లు ఎన్నో అన్నీ తిరిగి వచ్చాయా లెక్కపెట్టండి. పొద్దున బ్యాగు సర్దేటప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకుంటే ఈ లెక్క ఒక్క నిమిషంలో అయిపోతుంది. పిల్లల జేబులు తడమండి. రాళ్లు, ఈకలు, గింజలు ఉంటాయి, ఏడ్చినా సరే అక్కడే వదిలించండి. సాక్సులు, ప్యాంటు అంచులు చూడండి. గడ్డి గింజలు పట్టుకుని ఉంటే అక్కడే దులిపేయండి, ఇంట్లో అయితే రెండు రోజులు గుచ్చుతూనే ఉంటాయి. చెవుల వెనక, మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు అంటుకున్నాయేమో ఇంటికి పోగానే స్నానం చేసేటప్పుడు చూసుకోండి.

కోతి ఎక్కడైనా దూరిందేమో వెనక సీటు కూడా ఒకసారి చూడండి. నవ్వకండి, అద్దం దించి పెట్టినవాళ్లకు జరిగింది.